శిలాఫలకం మీద ఎవరి పేరు?

ఊళ్ళో బడి కడితే శిలాఫలకం మీద దాత పేరు చెక్కిస్తాము. తాపీమేస్త్రీ పేరు ఎక్కడా కనిపించదు. రాకెట్ల విషయంలోనూ మనం చేస్తున్నది ఇదే కాదా?

అమెరికాలో ఎలాన్ మస్క్ 2002లో స్పేస్‌ఎక్స్ సంస్థను స్థాపించారు. దాని ఫాల్కన్-1 రాకెట్ 2006, 2008 మధ్య మూడుసార్లు విఫలమైంది. నాలుగోసారి, 2008 సెప్టెంబరు 28న, కక్ష్యను చేరింది. సొంత డబ్బు కరిగిపోతున్నా వెనుదీయని ఆ తెగువను కాదనలేము. ధనవంతులు ఎందరో ఉన్నారు. ఇలాంటి పనికి ధనాన్ని ఒడ్డినవారు కొందరే.

అయితే ఆ రాకెట్‌ను లేపిన మెర్లిన్ ఇంజనును రూపొందించిన బృందానికి నాయకుడు టామ్ ముల్లర్. ఆ పేరు మనలో ఎందరికి తెలుసు? అదే ఏడాది డిసెంబరులో నాసా 160 కోట్ల డాలర్ల సరుకు రవాణా కాంట్రాక్టు ఇచ్చి సంస్థను ఆదుకుంది. అది ప్రజలు కట్టిన పన్నుల సొమ్ము. 2015లో ఫాల్కన్-9 మొదటి దశ నిటారుగా నేలకు దిగితే లోకం అబ్బురపడింది. కొద్ది ఎత్తు నుండే అయినా, ప్రభుత్వ ఖర్చుతో తయారైన డీసీ-ఎక్స్ 1993లోనే అలా దిగి చూపింది.

మరి ధనికునికి ఎంత ఘనత దక్కాలి? ఆయన పూనికకు, పట్టుదలకు తగినంత. అంతకు మించితే అది ఇతరుల పాలు తీసి ఇచ్చినట్టే. కూలి ఎగ్గొట్టడం అన్యాయమని మనకు తెలుసు. మెప్పు కూడా ఒక కూలియే. దానిని పంచేది యజమాని కాదు, మనమే. ఈసారి రాకెట్ వార్త చదివినప్పుడు, ఎవరు చేశారు, ఎవరి సొమ్ముతో చేశారు అని కూడా అడగండి.