వేళ్లు మిగిల్చిన చెరకు

చెరకు తియ్యగా ఉందని వేళ్లతో నమలొద్దని పెద్దలంటారు. బోధన్ వైపు చెరకు పండించిన రైతుకు ఇది నీతివాక్యంలా వినిపించదు, సేద్యం పాఠంలాగే ఉంటుంది. గడను నేలమట్టానికి కొట్టి, మోళ్లు చెక్కి, నీళ్లు పెడితే మళ్లీ ముచ్చెలు నాటే పని లేకుండా కార్శి తోట లేస్తుంది. విత్తనం ఖర్చు మిగులుతుంది, కూలీ మిగులుతుంది. వేరు జోలికి పోయినవాడికి అన్నీ మొదటికొస్తాయి. డబ్బును డబ్బుతో పెంచే వృత్తిలో ఉన్నవాళ్ల బతుకులు చదివినప్పుడల్లా ఈ సామెతే గుర్తొస్తుంది. ఎంత సంపాదించారన్న లెక్క ఎవరైనా చెబుతారు. వేరు మిగిల్చారా లేదా అన్నదే అసలు లెక్క.

దక్కనులో అలాంటి బతుకు ఒకటి ఉంది. విలియం పామర్ 1780లో పుట్టాడు. తండ్రి ఈస్టిండియా కంపెనీ సేనాని, తల్లి ఫైజ్ బక్ష్ అనే ముస్లిం మహిళ. తల్లిదండ్రుల్లో ఒకరు ఈ దేశస్థులైతే కంపెనీ కొలువులోకి తీసుకోకూడదని 1791లో కట్టడి చేశారు. దాంతో పామర్ నిజాం సైన్యంలో చేరాడు. తర్వాత కత్తి పక్కన పెట్టి హైదరాబాదులో కొఠీ తెరిచాడు. 1814 నుంచి పదేళ్లపాటు పామర్ అండ్ కంపెనీ నిజాం రాజ్యానికి ఖజానాలాగే నడిచింది. ఈస్టిండియా కంపెనీ అధికారులు, సంపన్నులు తమ సొమ్ము అక్కడ దాచుకున్నారు. ఆ సొమ్ము నిజాం పేష్కారు చందూలాల్ నడిపే సర్కారుకు అప్పుగా పోయేది. పూచీగా జిల్లాల శిస్తు రాబడి రాసిచ్చేవారు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే ఆయన ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకరు. ఉన్నవాళ్ల దగ్గర తెచ్చి, అవసరమున్న ప్రభుత్వానికి సర్ది, మధ్యలో తన వాటా తీసుకున్నవాడు.

ఆ వాటా చిన్నది కాదు. దాచుకున్నవాళ్లకు ఏడాదికి నూటికి 12 ఇచ్చేవాడు, సర్కారు దగ్గర 24కు పైగా తీసుకునేవాడు. 1820లో 60 లక్షల రూపాయల పెద్ద అప్పు ఒకటి రాసుకున్నారు. ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫ్ చిట్టాలు తిరగేస్తే, అందులో చాలా భాగం పాత బాకీనే కొత్త కాగితం మీదికి ఎక్కించినట్టు తేలింది. కాగితం మీద పెరిగిన ప్రతి లక్షా చివరికి ఏదో ఒక ఊళ్లో శిస్తుగా వసూలు కావాల్సిందే. కొఠీలో కూర్చున్న పామర్‌కు ఆ ఊళ్లు కనిపించేవి కావు, అంకెలే కనిపించేవి.

ఈ 24ను మన లెక్కలోకి మార్చి చూడండి. నెలకు నూటికి రెండు రూపాయల మిత్తి. దాచుకున్నవాళ్లకు ఇచ్చిన 12 అంటే రూపాయి మిత్తి. నిజామాబాద్ గంజులోనైనా, గల్ఫ్ నుంచి పైసలొచ్చే పల్లెలోనైనా రెండు రూపాయల మిత్తికి ఇస్తానంటే మంచి మనిషని పేరు. మూడు తీసుకునేవాళ్లు ఉన్నారు, ఐదు తీసుకునేవాళ్లూ ఉన్నారు. ప్రామిసరీ నోటు గడువు దాటబోతే అసలూ మిత్తీ కలిపి కొత్త నోటు రాయించుకోవడం మనకు కొత్తేమీ కాదు. మెట్కాఫ్ పట్టుకున్నది కూడా ఇంచుమించు అదే తంతు. చరిత్ర పుస్తకంలో పామర్‌ను చదివి ఛీ అనుకోవడం తేలిక. మన బీరువాలోని నోటును అదే కళ్లతో చదవడమే కష్టం.

1823లో నిజాం బాకీ తీర్చిన తీరు చూస్తే వేళ్లతో నమలడమంటే ఏమిటో అర్థమవుతుంది. ఉత్తర సర్కారుల మీద ఈస్టిండియా కంపెనీ ఏటా నిజాంకు 7 లక్షల పేష్కష్, అంటే కప్పం, కట్టేది. పామర్ అప్పు తీర్చడానికి కంపెనీ దాదాపు కోటీ పదహారు లక్షలు ఇచ్చింది. దానికి బదులుగా ఆ పేష్కష్ శాశ్వతంగా రద్దయింది. ఏటా మొలిచే రాబడి ఒక్క దెబ్బతో పోయింది. విచిత్రమేమంటే, బాకీ తీరిన మరుసటేడే, 1824లో, పామర్ కొఠీ దివాలా తీసింది. అప్పు పడ్డవాడు ఎప్పటికీ తేరుకోకూడదన్న లెక్క మీద నిలిచిన వ్యాపారం, వాడు తేరుకున్న రోజునే కూలుతుంది.

పామర్‌ను దుర్మార్గుడని కొట్టిపారేస్తే మనకు దక్కేదేమీ లేదు. ఆయన తర్వాతి బతుకే ఎక్కువ చెబుతుంది. 1867లో హైదరాబాదులోనే కన్నుమూశాడు. అంటే కొఠీ వైభవం పదేళ్లు, అది పోయాక బతికింది నలభై మూడేళ్లు. ఆయన కూతుర్ని పెళ్లాడిన మెడోస్ టేలర్ తన ఆత్మకథలో మామగారి ఇంటి గురించి ఆప్యాయంగా రాశాడు. డబ్బు పోయినా ఆ గడపలో ఆదరణ పోలేదు. సంపాదించేటప్పుడు వెంట నిలుపుకున్న భాష, స్నేహం, ఇంటి మర్యాద అన్నేళ్లు ఆయన్ను మోశాయి. బ్యాంకరుగా ఆయన పెట్టిన పెట్టుబడులన్నిటిలో మునగనిది అదొక్కటే.

డబ్బు మరోలా కూడా నడిచింది, అదీ మన నేల మీదే. 1923లో మొదలైన నిజాంసాగర్ ప్రాజెక్టు 1931కి పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరింగులో మంజీర నీళ్లు బాన్సువాడ, బోధన్, నిజామాబాద్ పొలాలకు చేరాయి. 1929లో హైదరాబాద్ ప్రభుత్వం పరిశ్రమల కోసం ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ పెట్టింది. అదీ ఒక పెట్టుబడి బ్యాంకరే. అయితే అది వాటాలు కూడా కొనేది. అప్పిచ్చినవాడు పంట ఎండినా మిత్తి అడుగుతాడు, వాటా తీసుకున్నవాడు పంటతో పాటు ఎదురుచూడాలి. నీళ్లొచ్చాక చెరకు, చెరకు వచ్చాక 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ. ఇళ్లు, బడులు, సొంత చెరకు క్షేత్రాలు, బండ్లు బారులు తీరే కాటా, సీజన్లో ఊరంతా మొలాసిస్ వాసన. కొన్ని తరాలు ఆ కార్శి మీద బతికాయి.

ఆ తర్వాత సంగతి నిజామాబాద్ జిల్లాలో అందరికీ తెలుసు. ఫ్యాక్టరీ భూములు కొద్దికొద్దిగా అమ్ముడుపోయాయి. 2002లో సగానికి మించిన వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్‌తో మిషన్లు ఆగిపోయాయి. తప్పెవరిదంటే ఎవరి లెక్క వాళ్లు చెబుతారు. చెరకు తోటలు వరి మళ్లయ్యాయి. చెరకు వదలనివాళ్లు దూరపు మిల్లులకు మోసుకుపోయారు. భూమి అమ్మి నష్టం పూడ్చుకోవడం పద్దులో బాగానే కనిపిస్తుంది, కానీ అది గడ కొట్టడం లాంటిది కాదు, మోడు పీకడమే.

మిల్లుకు చెరకు చేరిన పద్నాలుగు రోజుల్లో రైతుకు డబ్బు చెల్లించాలనీ, ఆలస్యమైతే ఏడాదికి నూటికి 15 చొప్పున మిత్తి కట్టాలనీ 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. బాకీ పడ్డప్పుడు మిత్తి అడిగే హక్కు సాహుకారుకే కాదు, రైతుకూ ఉంటుందని ఒప్పుకున్న ఉత్తర్వు అది. అయితే రైతు ఆ మిత్తి చేతికి తీసుకున్నట్టు వినడం అరుదు. అదే రైతు తాను తెచ్చిన అప్పుకు మిత్తి ఒక్క నెల ఆపలేడు. సంపన్నుడి లెక్కకూ పేదవాడి లెక్కకూ ఉన్న తేడా అదే.

సంపాదించడం తప్పని నేననను. పిల్లలు ముంబైలోనో న్యూయార్క్‌లోనో పెట్టుబడి బ్యాంకుల్లో కొలువు చేస్తుంటే సంతోషించాల్సిందే. పొలంలో దిగుబడి చూసినట్టే సంపాదనలోనూ రెండు చూడాలి: ఈ ఏడు ఎంత వచ్చింది, వచ్చే ఏటికి ఏం మిగిలింది. మీ పైసలు ఎవరి దగ్గర ఉన్నాయో, వాళ్లు దాంతో తేరుకుంటున్నారో కుంగుతున్నారో ఏడాదికొక్కసారైనా వెళ్లి చూడండి. తేరుకుంటుంటే ఆ డబ్బు మంచిది. కుంగుతుంటే మిత్తి తగ్గించండి, గడువు పెంచండి, అవసరమైతే నోటు చింపేయండి. మీరు పోగొట్టుకునేది కొంత డబ్బే.