అడుగు బిడ్డను అడ్డగింపకుడి

ధ్యానభాగము: లూకా 2:41–52



మన ప్రభువు బాల్యమును గూర్చి సువార్తలు చెప్పినది బహు కొంచెము. ఆయన పండ్రెండేండ్ల ప్రాయములో జరిగిన ఒక్క సంగతిని మాత్రమే లూకా వ్రాసియున్నాడు. బాలుడైన యేసు దేవాలయములో బోధకుల నడుమ కూర్చుండి, వారి మాటలు వినుచు, వారిని ప్రశ్నలడుగుచుండెను. వినుటయు ఉన్నది, అడుగుటయు ఉన్నది. ఆ బోధకులు ఆయనను గద్దించి పంపివేయలేదు. ఆయన బుద్ధికి ఆశ్చర్యపడిరి.

ఈ భాగమును మేము ఎన్ని మారులు ప్రసంగించితిమో లెక్కలేదు. అయినను మా యెదుట ఒక పసివాడు ప్రశ్న వేసినప్పుడు మేము చేసిన తప్పును వినుడి. విని మీరు జాగ్రత్తపడుడి.

ఒక ఆదివారమున సండేస్కూలులో నోవహు కథ చెప్పుచుంటిమి. ఏడేండ్ల పిల్లవాడొకడు లేచి, “అయ్యగారూ, చేపలు కూడా ఓడ ఎక్కినాయా?” అని అడిగెను. పిల్లలందరు నవ్విరి. వాడు ఎగతాళి చేయుచున్నాడని తలంచి, “దేవుని మాటకు ఎదురు ప్రశ్నలా? నోరు మూసుకొని కూర్చో!” అని కసరితిమి. తరువాత రెండు ఆదివారములు వాడు రాలేదు. మూడవ వారమున మేము వాని యింటికి పోగా, వాని అవ్వ, “అడిగితే దేవుడికి కోపమొస్తుందంట గదా అయ్యగారూ! అందుకే రానంటున్నాడు వీడు” అనెను. ఆ మాట మా గుండెలో ముల్లువలె గ్రుచ్చుకొనెను. ఒక బిడ్డకు మేము దేవుని గూర్చి అబద్ధము బోధించియుంటిమి.

అప్పుడు వాడు అరుగుమీద అవ్వతో వామనగుంటలు ఆడుచుండెను. ఇరువైపుల ఏడేసి గుంటలు, వాటిలో చింతగింజలు. వాడు ఒక గుంటపై చేయి పెట్టి, పెదవులు కదుపుచు లెక్కించి, దానిని విడిచి మరియొక గుంట తీసెను. “ఎందుకు మార్చావురా?” అని అడిగితిమి. “అవి తీస్తే ఏమీ దొరకవు అయ్యగారూ. ఇవైతే దొరుకుతాయి” అనెను. చేయి కదలకముందే వాని మనస్సు గుంటలన్నియు తిరిగి వచ్చినది! చేపలను గూర్చి అడిగినదియు ఆ మనస్సే గదా. అది ఎగతాళి కాదు, ఆలోచన.

ఆ రాత్రి మేము ఆదికాండము 7వ అధ్యాయము మరల చదివితిమి. 22వ వచనములో, పొడి నేలమీద ఊపిరి పీల్చు ప్రాణులు చనిపోయెనని యున్నది. చేపలకు ఓడ అక్కరలేదు. ఇన్నేండ్లు చదివియు మేము గమనింపని మాటను ఆ పిల్లవాని ప్రశ్న మాకు చూపెను. మరుసటి ఆదివారము అందరి యెదుట వానిని క్షమాపణ అడిగి, ఆ వచనమును వానిచేతనే చదివించితిమి.

ప్రియులారా, పిల్లలు అడుగవలెననియే దేవుని ఉద్దేశము. యొర్దాను దాటిన తరువాత గిల్గాలులో పండ్రెండు రాళ్లు నిలువబెట్టించినది ఎందుకు? ముందు తరముల పిల్లలు ఆ రాళ్లను చూచి, ఇవి ఏమని తండ్రులను అడుగవలెనని (యెహోషువ 4). పస్కా విందులోను బిడ్డ అడుగు ప్రశ్నకు చోటున్నది (నిర్గమ 12:26). కన్ను చూచును, నోరు అడుగును, పెద్దలు చెప్పుదురు. ఇదియే దేవుడు పెట్టిన బడి.

ఈ బడికి ధనము అక్కరలేదు. మన యిండ్లలో ఉన్నవే చాలును. కందులు, పెసలు, శనగలు కలిపి పసిబిడ్డ ముందు పోసి వేరు చేయమనుడి. రంగునుబట్టి వేరు చేసిన తరువాత, “ఇంకొక విధముగా వేరు చేయగలవా?” అని అడుగుడి. పరిమాణమునుబట్టియు చేయవచ్చునని వాడే కనుగొనును. చెంబుడు నీళ్లలో కోడిగ్రుడ్డు మునుగునా తేలునా అని ముందు చెప్పించి, తరువాత వేయించుడి. తాజా గ్రుడ్డు మునుగును. ఆ నీళ్లలో ఉప్పు వేసి బాగుగా కలుపుచు పోగా అదే గ్రుడ్డు పైకి తేలును. “ఏమి మారినది? గ్రుడ్డా, నీళ్లా?” అని అడిగి ఊరకుండుడి. జవాబు మీరు తొందరపడి చెప్పకుడి. దానియేలును పది దినములు పరీక్షించి, తమ ముఖములను ఇతరుల ముఖములతో పోల్చి చూడుమని కోరెను గదా (దానియేలు 1:12, 13).

కొంచెము పెద్దవారికి పులి–మేక ఆట మంచిది. మూడు పులులు, పదునైదు మేకలు. ఒంటరి మేక పులి నోట పడును. ఒకదాని వెనుక ఒకటి నిలిచిన మేకలు పులిని కదలకుండ బంధించును. ఓడిన బిడ్డను పరిహసింపక, “ఎక్కడ తప్పినది? మరల ఆ చోటునుండి ఆడుదము” అనుడి. అయితే పందెములు వద్దు. సమ్సోను విప్పుడు కథకు ముప్పది వస్త్రములు పందెము కట్టగా అది ఎంత రక్తపాతమునకు దారితీసెనో ఎరుగుదుము (న్యాయాధిపతులు 14).

ఆటను చదువుగా ఎంచినవారు దూరదేశములలోను కలరు. జర్మనీ దేశములో ఒక లూథరన్ పాదిరిగారి కుమారుడైన ఫ్రోబెల్ పసిపిల్లలకు చెక్క బంతులు, ఘనములు, విడదీసి మరల కూర్చదగిన ఎనిమిది ముక్కల ఘనము ఇచ్చి ఆటలోనే ఆలోచన నేర్పెను. ఆ బడికి 1840లో ఆయన పెట్టిన పేరే కిండర్‌గార్టెన్, అనగా పిల్లల తోట.

ఆడపిల్లలను అంట్ల దగ్గరకు పంపి మగపిల్లలతోనే ఆడకుడి. సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే యెదుట నిలిచి, కుమారులు లేనంతమాత్రమున తమ తండ్రి పేరు ఎందుకు పోవలెనని న్యాయముగా అడిగిరి. వారు చెప్పినది సరియేనని దేవుడే సెలవిచ్చెను (సంఖ్యా 27).

అడుగనిచ్చిన విశ్వాసము పోవునేమోయని కొందరు భయపడుదురు. బెరయవారు పౌలు మాటనే ప్రతిదినము లేఖనములతో సరిచూచిరి, అందుచేతనే వారిలో అనేకులు విశ్వసించిరి (అపొ. 17:11, 12). అడుగుట నేర్వని బిడ్డ గతి యేమి? పెద్దవాడై, వడ్డీ లెక్క అడుగక కాగితముపై వ్రేలిముద్ర వేయును. చేతిఫోనులో వచ్చిన ప్రతి వార్తను నమ్మి పొరుగువానిని ద్వేషించును. ప్రతి మాటను నమ్మువాడు జ్ఞానము లేనివాడని సామెతలు హెచ్చరించుచున్నవి (14:15).

కాబట్టి ఈ నెలలో ప్రతి దినము దీపము పెట్టిన తరువాత పావుగంట మీ బిడ్డతో కూర్చుండుడి. ఒక ఆట ఆడుడి, ఒక ప్రశ్న వినుడి. జవాబు తెలియనియెడల, “నాకు తెలియదు, కలిసి చూతము” అనుటకు సిగ్గుపడకుడి. ఆ మాట మేము మొదటనే అనియుంటే ఆ పసివాడు రెండు ఆదివారములు దేవునికి భయపడి ఇంట కూర్చుండకపోవును.

ప్రార్థన: బోధకుల నడుమ కూర్చుండి ప్రశ్నలడిగిన ప్రభువా, మా బిడ్డల ప్రశ్నలలో నీ స్వరమును వినుటకు మాకు ఓపిక దయచేయుము. మా కోపముచేత ఏ చిన్నవాని నోరును మూతపడనీయకుము. ఆమేన్.