పేరు పెట్టి అడుగుట

వాక్యభాగము: మార్కు సువార్త 10:46–52



యెరికో బాటప్రక్కను కూర్చుండి బిచ్చమెత్తుకొన్న బర్తిమయి కథ మనము చిన్ననాటనుండి వినుచున్నదే. అతడు మొదట కరుణ కావలెనని మాత్రమే కేకలు వేసెను. జనులు గద్దించినను మానలేదు. ప్రభువు నిలిచి, అతనిని దగ్గరకు పిలిపించి, తనవలన అతనికి ఏమి కావలెనో చెప్పుమని అడిగెను. ఇది వింతగా లేదా? అతడు గ్రుడ్డివాడని ఆ గుంపులోని చిన్నపిల్లకు సహా తెలియును. ప్రభువునకు తెలియదా? అయినను ఆయన అతని నోటనే ఆ మాట చెప్పించెను. అతడు చూపు కావలెననెను, చూపు కలిగెను, ఆ దారినే ఆయన వెంట నడిచెను.

మన కొరతలు మన నోటికి రాకముందే తండ్రి యెరుగునని అదే ప్రభువు కొండమీద బోధించెను (మత్తయి 6:8). ఆలాగైన యెడల సంఘముయొక్క అక్కరలను, సువార్త పనియొక్క అక్కరలను వరుసగా పేర్లు పెట్టి, లెక్కలు పెట్టి ఆయనకు చెప్పనేల? సంఘమును దీవించుము, నీ పనిని వర్ధిల్లజేయుము అనిన చాలదా? కొందరు పెద్దలు మరియొక మాట కూడ అందురు: ఇది కావలెను, అది కావలెను అని దేవుని యెదుట పట్టిక విప్పుట అవిధేయత, అంతయు ఆయన చిత్తమునకు విడిచిపెట్టుటయే వినయము. ఈ మాట తేలికగా త్రోసివేయదగినది కాదు. మేమును చాలకాలము ఆలాగే తలంచితిమి. మా తలంపు ఎట్లు మారెనో మొదట చెప్పుదుము.

మేము మిషను సెమినరీలో చదువు ముగించుకొని, గుట్టకు కొన్ని మైళ్ల దూరముననున్న ఒక గ్రామ సంఘమునకు వచ్చినప్పుడు మాకు దీర్ఘప్రార్థన చేయుట బాగుగా అలవడియుండెను. శుక్రవారపు కూటములో ఏలికలను, సకల దేశములను, రోగులను, విధవరాండ్రను, దిక్కులేని బిడ్డలను ఎవరిని విడువక ప్రార్థించెడివారము. సంఘము గట్టిగా ఆమేన్ అనెడిది. ఒక రాత్రి కూటము ముగిసి అందరు వెళ్లిన తరువాత, ఎప్పుడును గోడకానుకొని కూర్చుండు ఒక ముసలితల్లి మా యొద్దకు వచ్చి అడిగినది:

“అయ్యగారూ, విధవరాండ్ర కోసం ప్రార్థన చేసిండ్రు గద. అండ్ల నేను గూడ ఉన్నట్టేనా?”

ఉన్నావమ్మా అని చెప్పితిమి గాని ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మూడేండ్లుగా ఆమె కొరకు ప్రార్థించుచుంటిమి. ఆమె యింటి గడప ఒక్కసారియైనను త్రొక్కియుండలేదు. మరునాడు వెళ్లితిమి. ఇంటి పెంకులు ఒక మూల జారిపోయి, వాన కురిసిన రాత్రులు ఆమె పొయ్యిమూలకు ఒదిగి కూర్చుండునని తెలిసెను. ఒక్కగానొక్క కొడుకు బొంబాయికి కూలిపనికి వెళ్లి రెండేండ్లు దాటెను, కబురు లేదు. ఇవి రెండును ఊరివారికి తెలియును. మా ప్రార్థనకు మాత్రము తెలియదు.

వచ్చిన శుక్రవారము, ఆమెను అడిగి ఆమె ఒప్పుకొన్న మీదట, కొడుకు పేరు చెప్పి, ఇంటికప్పు సంగతి చెప్పి ప్రార్థించితిమి. ఆమేన్ అనిన వారిలో ఇద్దరు పడుచువారు ఒకరి ముఖమొకరు చూచుకొనిరి. తెల్లవారి నిచ్చెన వేసికొని పైకెక్కిరి. కావలసినవి ముప్పది పెంకులు. మూడేండ్ల మా దీర్ఘప్రార్థన ఆ ముప్పది పెంకులను కనుగొనలేకపోయెను!

అప్పుడు మాకు తెలిసినదేమనగా, మేము వినయమనుకొన్నది వినయము కాదు. పేరు లేని ప్రార్థనకు వెల లేదు గనుక అది మాకు సులువుగానుండెను. పేరు పెట్టి అడుగు ప్రార్థనకు మూడు వెలలు కలవు.

మొదటిది, తెలిసికొనవలెను. అర్ధరాత్రి స్నేహితుని తలుపు తట్టినవాడు మూడు రొట్టెలు అడిగెనని ప్రభువు చెప్పెను (లూకా 11:5). వచ్చిన అతిథి ఆకలి ఎంతో, తన యింట లేనిది ఎంతో లెక్క చూచుకొని బయలుదేరెనన్నమాట. నెహెమ్యాను చూడుడి. యెరూషలేము ప్రాకారము సంగతి విని అతడు దినముల తరబడి ఉపవాసముండి ప్రార్థించెను. తరువాత రాజు నీకేమి కావలెనని అడిగినప్పుడు, ఎంతకాలము సెలవు కావలెనో, ఏ అధికారులకు తాకీదులు కావలెనో, ఏ ఏ పనులకు మ్రానులు కావలెనో తడబడక చెప్పెను (నెహెమ్యా 2:4–8). దేవుని యెదుట లెక్క చూచుకొన్నవాడు మనుష్యుని యెదుట తెల్లముఖము వేయడు.

మన జిల్లాలోనే ఇందుకు ఒక సాదృశ్యము కలదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావేగారు పోచంపల్లి వచ్చినప్పుడు అచ్చటి దళిత కుటుంబములవారు తమకు భూమి కావలెననిరి. ఎంత కావలెనని ఆయన అడిగిరి. 80 ఎకరములని వారు చెప్పిరి. అప్పుడు వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరములిచ్చెదననిరి. భూదానోద్యమమునకు అదియే ఆరంభము. బీదలను చల్లగా చూడవలెనని మాత్రమే వారు అడిగియుండిన యెడల, సభవారందరు తలలూపి ఇండ్లకు పోయియుందురేమో. వారు మనుష్యులను అడిగిరి, మనము దేవుని అడుగుచున్నాము, భేదము కలదు. అయినను తన అక్కర ఎంతో ఎరిగినవాని మాటకు బలముండునని ఇందువలన నేర్చుకొనవచ్చును.

రెండవది, కనిపెట్టుకొనియుండవలెను. 1853లో అమెరికా బాప్టిస్టు మిషనువారు తమ తెలుగు మిషనును మూసివేయుదుమా అని చర్చించిరి. నెల్లూరు ఒక్కటే ఠాణా గనుక దానికి ఒంటరి నక్షత్రమను పేరు వచ్చెను. ఆ దినములలో, 1854 జనవరి 1 తెల్లవారుజామున, జూయెట్ దొరగారు, దొరసానిగారు, మన తెలుగు విశ్వాసులైన నర్సు, జూలియా, రూతు, ఈ అయిదుగురు ఒంగోలులోని కొండనెక్కి ప్రార్థించిరి. లోకమంతటి కొరకు మాత్రమే కాదు. క్రింద కనబడుచున్న ఆ ఊరికి ఒక దైవసేవకుని పంపుమని అడిగిరి. ఆ మనిషి ఎప్పుడు వచ్చెను? 1866లో క్లౌ దొరగారు ఒంగోలు చేరిరి. పండ్రెండు సంవత్సరములు! 1867 జనవరి 1న అచ్చట సంఘము స్థాపింపబడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కొండమీది అయిదుగురు అడిగినది ఒక్క మనిషిని. నిర్దిష్టముగా అడిగినవారికే ఇంకను రాలేదే అని తెలియును. అడుగనివానికి ఆలస్యమును తెలియదు, ప్రత్యుత్తరమును తెలియదు. కృతజ్ఞత చెప్పుటకు సంగతియే దొరకదు.

మూడవది, పూనుకొనవలెను. పంట విస్తారముగా ఉన్నది, కూలివారు చాలరు గనుక యజమానుని అడుగుడని ప్రభువు శిష్యులకు ఆజ్ఞాపించెను (మత్తయి 9:37, 38). పుట త్రిప్పి పదవ అధ్యాయము చదువుడి. ప్రార్థించుమని ఎవరికి చెప్పెనో వారినే పంపెను! పేరు పెట్టి అడుగు ప్రార్థనలో ఈ అపాయము ఎల్లప్పుడును కలదు. పెంకుల కొరకు ప్రార్థించినవాడే నిచ్చెన మోయవలసి వచ్చును. బడి మానిన పిల్ల కొరకు ప్రార్థించినవాడే దాని తండ్రితో మాటలాడవలసి వచ్చును. అందుచేతనే మనము తరచుగా పెద్ద ప్రార్థనల చాటున దాగుచుందుము.

ఇక్కడ ఒక కఠినమైన ప్రశ్న కలదు. దానిని దాటిపోయిన యెడల ఈ వ్యాసము సత్యము కాదు. అడిగినది దొరకకపోయిన ఏమి? ఆ ముసలితల్లి కొడుకు రాలేదు. ఆరేండ్లు అతని పేరు చెప్పి ప్రార్థించితిమి. ఆమె అతనిని చూడకయే ప్రభువునందు నిద్రించెను. పెంకులు దొరికెను, కొడుకు దొరకలేదు. చిన్నదానిని ఇచ్చి పెద్దదానిని ఏల ఇయ్యలేదని ఎవరైనను అడిగిన యెడల మాయొద్ద జవాబు లేదు. విశ్వాసము చాలలేదని చెప్పువారు ఆమెను ఎరుగరు. దావీదు తన బిడ్డ కొరకు నేలపడి అడిగెను, బిడ్డ దక్కలేదు. పౌలు తన శరీరములోని ముల్లు కొరకు మూడుసార్లు అడిగెను, ముల్లు పోలేదు. అదే పౌలు, తాను రోమాకు సంతోషముతో రావలెనని ప్రార్థించుడని అచ్చటి సంఘమునకు వ్రాసెను (రోమా 15:30–32). రోమాకు వచ్చెను, అయితే ఖైదీగా, ఓడ పగిలిన తరువాత వచ్చెను.

ఆమె చనిపోవుటకు కొన్ని దినముల ముందు, ఇన్నాళ్లు అడిగితిమి గదా అమ్మా, ప్రభువు మీద నీకు కష్టముగా లేదా అని మేము సంకోచముతో అడిగితిమి. ఆమె ఇట్లనెను: “కష్టం లేకేం అయ్యగారూ. కాని ఇదివరకు నా కొడుకు పేరు ఈ ఊర్ల నేనొక్కదాన్నే యాది చేసుకుంటుండె. ఇప్పుడు అందరు యాది చేస్తుండ్రు.” ఆ మాటకు మించిన వ్యాఖ్యానము సెమినరీ పుస్తకములలో మాకు దొరకలేదు. పేరు పెట్టి ప్రార్థించుట ప్రత్యుత్తరమును కొనుట కాదు. ఒకరి భారమును ఒంటరిగా మోయనీయకుండుటయే అందులోని మొదటి ఫలము. దేవుని చిత్తమునకు విడిచిపెట్టవలెననునది నిజమే. అయితే గెత్సేమనేలో ప్రభువు గిన్నె తొలగవలెనని మొదట నోరార చెప్పెను. తరువాత తండ్రి చిత్తమునకు లోబడెను. చెప్పని కోరికను ఎవడును అప్పగింపలేడు.

అయితే సంఘము రెండు విషయములలో జాగ్రత్తపడవలెను. ఒకటి, ప్రార్థనాంశమను పేరున ఇతరుల గుట్టు బయట వేయకూడదు. ఒకని త్రాగుడును, ఒక యింటి జగడమును కూటములో చెప్పి కండ్లు మూసికొనుట ప్రార్థన కాదు, చాడీ. అందుకే ముందుగా వారి సెలవు అడుగవలెను. రెండు, ఒకని మీద ఒకని గెలుపు కొరకు అడుగకూడదు. పొరుగువాని బోరు ఎండి నా బోరు పోయవలెనని ఎవడు అడుగును? కాని సంఘ ఎన్నికల వేళ మనము చేయు ప్రార్థనలు కొన్ని అట్టివే.

ఇప్పుడు సువార్త పనిని గూర్చి. మనము గుట్ట నీడలో కాపురమున్నవారము. యాదగిరిగుట్ట నరసింహస్వామి ఆలయము క్రొత్తగా కట్టబడి 2022 మార్చి 28న తెరువబడినప్పటినుండి మన త్రోవలలో యాత్రికుల రద్దీ హెచ్చినది. ఈ పొరుగువారి కొరకు మన ప్రార్థన ఏమి? ఇన్ని ఆత్మలు కావలెనని సంఖ్య చెప్పుట నిర్దిష్టమైన ప్రార్థన కాదు. సంఖ్యకు ముఖము లేదు. పూలు కట్టి అమ్ముకొను తల్లి మోకాళ్ల నొప్పి, రాత్రి ఆటో నడుపు పిల్లవాని అప్పు, బిడ్డకు స్వస్థత కోరి దూరమునుండి కాలినడకను వచ్చిన తండ్రి దుఃఖము, ఇవి ముఖములు. మా కొలత ఒకటి కలదు: పొరుగువాడు గుమ్మములో నిలిచి విన్నను మనము సిగ్గుపడనక్కరలేని ప్రార్థనయే అతని కొరకు చేయవలెను. 1876–78 కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ పనిలో వేలమందికి కూలి దొరకునట్లు చేసిరి. అయితే అన్నము కొరకు సంఘములో చేరిరను మాట రాకుండునట్లు ఆ సహాయపు దినములలో బాప్తిస్మములు ఆపివేసిరి. అడుగుటలో ఎంత ఆశయో, ఆగుటలో అంత గౌరవము.

మరియొక ఋణము కలదు. 1889లో ఫ్రీసన్ దంపతులు అప్పటి రష్యా రాజ్యములోని మెన్నోనైట్ బ్రదరన్ సంఘములనుండి బయలుదేరి, 1890లో నల్గొండ చేరి పని ఆరంభించిరి. వారిని పంపిన పల్లెలు నేటి ఉక్రెయిను దేశములోనివి. 2022 ఫిబ్రవరినుండి ఆ దేశము పెద్ద యుద్ధములో నలిగినది. ఎన్నడును చూడని నల్గొండ పేరు చెప్పి ఆ పల్లెలవారు ప్రార్థించిరి. ఆ దేశపు పేరు మన నోట ఎన్నిసార్లు వచ్చినది?

మన స్త్రీలు వంటకు బియ్యము కొలుచునప్పుడు ప్రభువు కొరకు ఒక గుప్పెడు తీసి వేరుగా ఉంచుట మన సంఘముల వాడుక. ఈ నెల ఆ గుప్పెడు తీయునప్పుడెల్ల ఒక్క పేరు పలుకుదము. గుప్పెడు బియ్యము, ఒక పేరు. పురుషులు కల్లములోనైనను, బావియొద్దనైనను ఆలాగే చేయవచ్చును. నెల ముగియునప్పటికి ఆ ముప్పది పేర్లలో ఎవరి గడప త్రొక్కితిమో చూచుకొందము.

ప్రార్థన: ప్రభువా, బర్తిమయి యెదుట నిలిచినట్లు మా యెదుట నిలువుము. మాకేమి కావలెనో చెప్పుటకు మాకు తెలివినిమ్ము. మా ప్రక్కను కూర్చున్నవారి పేర్లు మాకు నేర్పుము. ఇచ్చిన వేళ కృతజ్ఞతను, ఇయ్యని వేళ ఓర్పును దయచేయుము. మేము అడుగుపనికి మమ్మునే పంపిన యెడల వెనుదీయకుండునట్లు బలపరచుము. ఆమేన్.