చిటుకు రోగానికి టీకా

పశువైద్యంలో సీటు కోసం నీట్ రాస్తున్నాను. బయాలజీకి 360 మార్కులు, దాని గురించి దిగుల్లేదు. దిగులంతా మా మందను చూసినప్పుడే. తొలకరికి ముందు గొర్రెలకు చిటుకు రోగం టీకా వేయిస్తాం. పిల్లను మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుంటాను, కాంపౌండరు చర్మం పైకెత్తి సూది గుచ్చుతాడు. దాని గుండెదడ నా మోకాళ్లకు తెలుస్తుంది. దసరాకు నాన్న దాన్నే కోతకు అమ్ముతాడు. కోసేముందు జబ్బు లేదని చూసేదీ పశువైద్యుడే.

ఇది దయేనా? తాతనడిగితే భారతంలోని ధర్మవ్యాధుణ్ణి చూపించాడు. మాంసం అమ్మేవాడే కౌశికుడనే బ్రాహ్మణుడికి ధర్మం చెప్పాడు కదా అన్నాడు. నాకది సగం జవాబే. ధర్మవ్యాధుడు తాను చంపడు, ఇంకొకరు చంపింది అమ్ముతాడు. మరి ఆ ఇంకొకరి సంగతి?

ఎలాగూ చచ్చేదానికి వైద్యమెందుకు అనేవాళ్లతో మాత్రం నేను ఏకీభవించను. చిటుకు పట్టిన గొర్రె కాళ్లు కొట్టుకుంటూ గంటల్లో పోతుంది. అది చూసినవాళ్లు ఆ మాట అనలేరు.

సీటొస్తే ఐదున్నరేళ్ల చదువు. రేపు కబేళాలో జబ్బు లేదని చూసి సంతకం పెట్టమంటే పెడతాను. గొర్రెలకు నీళ్లు పెట్టారా, నీడన కట్టారా అని ముందు అడుగుతాను.