అమ్మ మన ఇంటికి వచ్చే ముందు



ఈమధ్య మన ఇళ్లలో తరచూ వినబడుతున్న మాట: "నాయన పోయాడు, అమ్మ ఒక్కతే ఊళ్లో ఎట్లా ఉంటుంది, తెచ్చుకుందామనుకుంటున్నాం." మంచి మాట. తెచ్చుకునే ముందు ఇల్లు సర్దాలి. ఇది తేలికే. బాత్రూం గోడకు పట్టుకోవడానికి స్టీలు కడ్డీ వేయించండి. కింద కూర్చునే లెట్రిన్ అయితే కమోడ్ కుర్చీ కొనండి. మంచం ఆమె పాదాలు నేలకు ఆనే ఎత్తులో ఉండాలి. రాత్రి లేచి వెళ్లే దారిలో చిన్న లైటు ఉండాలి. మందుల చీటీలు, ఆధార్, పింఛను కాగితాలు ఊళ్లో వదిలి రాకండి. గది ఇవ్వలేకపోయినా ఆమె పెట్టె, ఆమె చీరలు ఎవరూ కదపని చోటు ఒకటి ఇవ్వండి.

తర్వాత, చాకిరీ ఎవరిది? సిగాలోవాద సుత్తంలో, ఆరు దిక్కులకు మొక్కుతున్న సిగాలుడికి తల్లిదండ్రులే తూర్పు దిక్కు అని బుద్ధుడు చెప్పాడు. తనను పెంచిన వాళ్లను తాను పోషించాలి, వాళ్ల పనులు చేసిపెట్టాలి. ఈ మాట చెప్పింది కొడుక్కి, కోడలికి కాదు. మన దగ్గర "మా అమ్మను తెచ్చుకున్నా" అని నలుగురిలో చెప్పుకునేది కొడుకు, పక్కగుడ్డలు ఉతికేది కోడలు. వినయ పిటకంలో విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న భిక్షువు కథ ఉంది. అతను తమకు ఏమీ చేసిపెట్టలేదని తోటివాళ్లు పట్టించుకోలేదు. బుద్ధుడు నీళ్లు పోస్తే ఆనందుడు కడిగాడు. తల వైపు ఒకరు, కాళ్ల వైపు ఒకరు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. ఇద్దరూ మగవాళ్లేనని గుర్తుంచుకోండి. కూతుళ్ల సంగతికి వస్తే, తల్లిదండ్రుల పోషణకు వచ్చిన 2007 చట్టం కొడుకునీ కూతురినీ ఒకే వరసలో పెట్టింది. కాబట్టి "అల్లుడింట్లో ఉంటే బాగోదు" అనే పాత మాట ఇక చాలు.

అసలు చిక్కు అమ్మ పెట్టె విప్పినప్పుడు వస్తుంది. అందులో ఎల్లమ్మ పటం ఉంటుంది, లేదా బైబిలు ఉంటుంది. మన గోడ మీద బుద్ధుడు, బాబాసాహెబ్. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞలు ఎవరికి వారు "నేను" అని చేసేవి. అమ్మ తరఫున మనం చేసినవి కావు. ఆ పటాన్ని దాచేసే హక్కు మనకు లేదు, దానికి మొక్కే పనీ లేదు. సారిపుత్తుడి తల్లి బ్రాహ్మణ భక్తురాలు, కొడుకులు భిక్షువులయ్యారని కోపంగా ఉండేది. అయినా ఆయన చివరి రోజుల్లో వెతుక్కుంటూ వెళ్లింది ఆమె ఇంటికే. తను పుట్టిన గదిలోనే పడుకుని ఆమెకు ధమ్మం చెప్పాడని అట్టకథలు అంటాయి. పటాలు పీకి చెప్పలేదు.

అదే ప్రతిజ్ఞల్లో శ్రాద్ధం, పిండప్రదానం చెయ్యనని కూడా ఉంది. అంటే, పోయాక కాకికి ముద్ద పెట్టి రుణం తీరిందనుకునే వెసులుబాటు మనకు లేదు. పెట్టాల్సిందంతా ఆమె తినగలిగినప్పుడే పెట్టాలి.

ఇంకో సంగతి, చెప్పుకోవడానికి మనమే ఇష్టపడనిది. పట్నంలో అద్దె ఇల్లు దొరకడం కోసం కులం చెప్పకుండా, లేదా మార్చి చెప్పి దిగినవాళ్లు మనలో ఉన్నారు. వాళ్లను నేను తప్పుపట్టను. ఇల్లివ్వని వాడిదే తప్పు. కానీ అమ్మ వస్తుంది. మెట్ల మీద కూర్చుంటుంది, పక్కింటావిడ "మీరేమిట్లు పెద్దమ్మా?" అని అడుగుతుంది. అప్పుడేం చెప్పమంటారు? ఊరి చివర పేటలో డెబ్బై ఏళ్లు బతికి, కూలి చేసి మనల్ని చదివించిన మనిషిని, ఇప్పుడు తన పేట పేరు చెప్పొద్దంటామా? నాలుగో శీలాన్ని ఆమెతో కూడా తప్పిస్తామా? నా మటుకు నాకు, ఇల్లు మారడమే నయమనిపిస్తుంది. మారలేకపోతే భార్యాభర్తలిద్దరూ ముందే తేల్చుకోండి: అమ్మ ఏం చెప్పినా ఆమె వెనక నిలబడతాం, ఓనరు ఖాళీ చెయ్యమంటే చేస్తాం అని. ఇది తేలకుండా ఆమెను బస్సెక్కించకండి.

ఆమె వచ్చిన సాయంత్రం ఎప్పటిలాగే త్రిశరణ, పంచశీల చెప్పుకోండి. ఆమెను పలకమనకండి. వింటానంటే మాత్రం కుర్చీ వెయ్యండి, కింద కూర్చుంటే లేవలేదు.

జై భీమ్.