ఎర్ర తలపాగాల తలారులు

మాచర్ల అవతల నల్లమలను ఆనుకుని ఒక ఊరుండేది. చిల్లర దొంగల్ని పట్టి కట్టేసే కాపలావాళ్ళు ఆ ఊరికి చాలామందే ఉండేవారు. మిరప చేలమీద అడవిపందులు పడితే మాత్రం వాళ్ళవల్ల అయ్యేది కాదు. అందుకని ఎర్ర తలపాగాల తలారులు కొందరిని ఊరు పోషించేది. వాళ్ళు నూటికి నలుగురైదుగురే. నడుముకు కారం సంచులు. టముకు మోగగానే పందిని చుట్టుముట్టి, దాని కళ్ళలో, ముట్టె మీద గుప్పిళ్ళతో కారం కొట్టేవారు. అది అరుచుకుంటూ అడవిదారి పట్టేది.

కొన్నేళ్ళకు ఊరిచుట్టూ కంచె పడింది. పందుల రాక తగ్గింది. కాలువగట్టు మీది వయ్యారిభామ పుప్పొడి ఒకనాడు గాలికి లేస్తే, పందులమంద రేపిన దుమ్మనుకుని టముకువాడు టముకు వేశాడు. తలారులు పరుగున వచ్చి వీధివీధినా కారం చల్లారు. పుప్పొడికి ఏమీ కాలేదు. ఊరంతా తుమ్ములు, కళ్ళమంటలు. పసిపిల్లలు ఊపిరందక ఉక్కిరిబిక్కిరయ్యారు. పెద్దలు నీళ్ళు చల్లించి కారాన్ని అణిచారు.

మరుసటేడు మళ్ళీ కారం లేచింది, ఈసారి రాత్రిళ్ళు. ఊరు నిద్రలేక దగ్గింది. పుప్పొడే అయివుంటుందని పెద్దలు మళ్ళీ నీళ్ళు చల్లించారు. మర్నాటి రాత్రికి మళ్ళీ అదే ఘాటు. ఒక ముసలమ్మ లాంతరు పట్టుకుని, కారం ఎటు దట్టంగా ఉంటే అటు నడిచింది. తలారులంతా ఒక గడ్డివామి చుట్టూ మూగి ఉన్నారు. వామి పీకిస్తే, కంచె పడకముందే దూరిన పంది లోపల పిల్లల్ని పెట్టుకుని ఉంది. దాన్ని తరిమేశాక కారం తనంతట తానే ఆగింది.

మన రక్తంలో ఆ తలారులు ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు: చెప్పుల్లేని పాదాల్లోంచి దూరే కొంకిపురుగు పిల్లలమీద ఘాటైన ప్రొటీన్లు చిమ్మేవీ అవే, ఉబ్బసంలో మన శ్వాసనాళాలనే గాయపరిచేవీ అవే. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియంలో 1940లో ఫ్రిమోడ్ మోలర్, బార్టన్ అనే వైద్యులు క్షయలా కనిపించే దగ్గుతో, ఇసినోఫిల్స్ విపరీతంగా పెరిగిన రోగుల గురించి రాశారు; వామిలో దాగినది బోదకాలు పురుగని తర్వాత తేలింది, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1947లో వెలికితెచ్చిన డైఇథైల్ కార్బమజిన్ దానికి మందైంది. మీ ల్యాబు కాగితంలో ఇసినోఫిల్స్ బాగా పెరిగి కనబడితే, అలర్జీ మాత్రతో సరిపెట్టుకోకముందే మలపరీక్ష, బోదకాలు పరీక్ష కావాలేమో డాక్టరుగారిని అడగండి.