క్రుంగిన మనస్సు చెప్పు ఆలోచన

చదువవలసిన భాగములు: 1 రాజులు 19:1-21, ఆదికాండము 4:1-8



మనుష్యుని మనస్సు ఎల్లప్పుడు ఒక్క తీరున ఉండదు. పైరు ఎండినప్పుడు, అప్పులవాడు వాకిట నిలిచినప్పుడు, బిడ్డ పరీక్ష తప్పినప్పుడు, ఒక్కొక్కప్పుడు ఏ కారణమును కనబడకయే, మనస్సు క్రుంగిపోవును. అట్టి దినములలో మనము చేయు పనులను చూడుడి. ఒకడు బ్రాందీ కొట్టుకు పోవును. ఒకడు ఆలిమీద చేయి చేసికొనును. ఒకతె రెండు పూటలు అన్నము మాని గోడవైపు తిరిగి పండుకొనును. ఒకడు కాడెద్దులను వచ్చిన ధరకు తోలివేసి, దుక్కి దినములు రాగానే తల పట్టుకొనును. ఒక యౌవనుడు కోడికూతవరకు సెల్‌ఫోను చూచుచు, మరునాడు పనికి పోలేక మరింత క్రుంగును. ఏల ఇట్లు చేసితివని అడిగినచో, “మనస్సు బాగుండలేదయ్యా” అని చెప్పుదురు.

ఈ మాట సరియైన సమాధానమగునా? మనస్సు క్రుంగియున్నప్పుడు చేసిన పనికి మనము ఉత్తరవాదులమా, కామా? ఈ నెల దీనిని ఆలోచింతము.

ఈ విషయములో రెండు తప్పుడు తీర్పులు మన సంఘములలో వినబడుచున్నవి. మొదటిది, క్రుంగుటయే పాపమనుట. విశ్వాసమున్నవాడు ఎల్లప్పుడు సంతోషముగా ఉండవలెను గనుక, వీని విశ్వాసములో ఏదో లోపమున్నదని కొందరు చెప్పుదురు. అట్లయినచో ఏలీయాను, యోబును, యిర్మీయాను ఏమందుము? లండను పట్టణములో వేలాది జనులకు బోధించిన స్పర్జన్ (1834-1892) సంగతి వినుడి. 1856 అక్టోబరులో ఆయన బోధించుచుండగా, అగ్ని అగ్ని అని ఎవరో అబద్ధపు కేక వేసిరి. ఆ తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయిరి. ఆ దెబ్బకు ఆయన మనస్సు విరిగిపోయినది. ఆ తరువాత కూడ జీవితమంతయు అప్పుడప్పుడు చీకటి దినములు ఆయనకు వచ్చుచునే యుండెను. ఆయన దానిని దాచలేదు. బోధకులగుటకు చదువుకొనుచున్న తన విద్యార్థులకు ఆ సంగతినిగూర్చి ఒక ఉపన్యాసమే చేసెను.

రెండవ తప్పుడు తీర్పు దీనికి ఎదురైనది. మనస్సు బాగుండలేదు గనుక నేను చేసినది నాది కాదనుట. దెబ్బ తిన్న భార్యకు ఈ మాట ఏమి ఓదార్పు? అమ్ముడైపోయిన ఎద్దులు ఈ మాటతో తిరిగి వచ్చునా?

ఈ రెంటి మధ్య లేఖనము ఒక గీత గీయుచున్నది. ఆదికాండము 4వ అధ్యాయములో కయీను ముఖము చిన్నబోయినది. దేవుడు ఆ చిన్నబోయిన ముఖమునకై అతని శిక్షింపలేదు. ఎందుకు చిన్నబుచ్చుకొంటివని తండ్రివలె అడిగెను. ఆ వెనుక ఒక హెచ్చరిక చేసెను: పాపము లోపల లేదు, వాకిట పొంచియున్నది, దానిని ఏలవలసినవాడవు నీవే. ముఖము చిన్నబోవుట ఒకటి, తలుపు తీయుట మరియొకటి. హేబెలు ఇంకను బ్రతికియున్న ఆ గడియలోనే దేవుడు కయీనుతో మాటలాడెనని మరువకుడి. కోపమునకును చేతికిని మధ్య ఆ కొంచెము ఎడము ఉన్నది. మన ఉత్తరవాదిత్వమంతయు ఆ ఎడములోనే యున్నది.

అయితే ఆ ఎడములో నిలుచుట ఏల ఇంత కష్టము? దానికి ఏలీయా చరిత్రను చూడవలెను.

కర్మెలు పర్వతముమీద అగ్నిని దింపిన ప్రవక్త, యెజెబెలు పంపిన ఒక్క వర్తమానమునకు ప్రాణభయముతో పరుగెత్తెను. బెయేర్షెబావరకు పోయెను. అది యూదా దేశము. అహాబు చేయి అక్కడికి సాగదు. అక్కడ ఆగియుండవచ్చును గదా! ఆగలేదు. తన దాసుని అక్కడ విడిచి, ఒంటరిగా ఒక దినప్రయాణము అరణ్యములోనికి పోయి, బదరీవృక్షము క్రింద కూర్చుండి, చావు గోరెను. తోడును వదలుట, తిండిని వదలుట, ఊరిని వదలుట, చివరకు ప్రాణమునే వదలగోరుట: ఇది మెట్లు మెట్లుగా దిగుట.

క్రుంగిన మనస్సు చేయు మోసమిదే. ఏది మనలను లేవనెత్తునో దానిని బరువుగా చూపును. ఏది మనలను మరింత త్రోయునో దానిని విశ్రాంతిగా చూపును. స్నేహితుని యింటికి నాలుగడుగులు వేయుట కొండయెక్కినట్లుండును. కొట్టువరకు మైలు దూరము నడచుట సులువుగా నుండును. కలుపు పెరిగిన చేనిని చూడలేక రైతు చేనికి పోడు. పోనందున కలుపు మరింత పెరుగును. పెరిగినందున మరింత పోలేడు. ఆ దినములలో మనస్సు చెప్పునది నిజమువలె వినబడును గాని, అది జ్వరము వచ్చినవాని నాలుక వంటిది. అన్నము చేదుగా నున్నదని వాడనును. చేదు అన్నములో లేదు.

ఏలీయా మాటయే చూడుడి. నేనొక్కడినే మిగిలితినని అతడు మొరపెట్టెను. ఇది నిజమా? ఓబద్యా నూరుగురు ప్రవక్తలను ఏబదేసి మందిగా గుహలలో దాచి పోషించెను. ఈ సంగతిని ఓబద్యా స్వయముగా ఏలీయాకు చెప్పెనని ముందటి అధ్యాయములోనే యున్నది (1 రాజులు 18:13). అనగా ఏలీయా ఎరుగును. ఎరిగియు క్రుంగిన వేళ మరచెను. అంతేకాదు, దేవుడు హోరేబులో రెండుసార్లు ప్రశ్నింపగా అతడు రెండుసార్లును అదే జవాబు చెప్పెను. నడుమ గాలి, భూకంపము, అగ్ని, మెల్లని స్వరము వచ్చినను ఆ జవాబు మారలేదు. క్రుంగిన మనస్సు ఒకే పాట పాడును. దానితో వాదించి గెలుచుట కష్టము.

కాబట్టి దేవుడు అతనితో వాదింపలేదు. ఆయన చేసిన చికిత్స వరుసను గమనింపుడి.

మొదట నిద్రపోనిచ్చెను. దూత తట్టి లేపి, నిప్పులమీద కాల్చిన అప్పమును నీళ్లను చూపెను. ఏలీయా తిని మరల పండుకొనెను. దూత గద్దింపలేదు. రెండవసారియు తట్టి, ముందు ప్రయాణము నీ శక్తికి మించినది, తినుమనెను. తరువాత నడిపించెను. తరువాత మాటలాడనిచ్చెను. చివరకు పని యిచ్చెను: తిరిగి వెళ్లుము, హజాయేలును, యెహూను, ఎలీషాను అభిషేకింపుము. ఏడువేలమంది మిగిలియున్నారను మాట ఆ పని చెప్పిన తరువాతనే వచ్చినది. ఏలీయా పోయి ఆ మూడింటిలో మొదట చేసినది ఏది? పండ్రెండు అరకల ఎడ్లతో దున్నుచున్న ఎలీషాను కలిసికొని, తన దుప్పటి అతనిమీద వేయుట. బెయేర్షెబాలో దాసుని విడిచినవానికి, ఇకమీదట ఎంత చెప్పినను విడువని తోడు దొరికెను (2 రాజులు 2).

దీనినుండి మనము నేర్చుకొనవలసినవి నాలుగు.

మొదటిది, చీకటి గడియలో పెద్ద తీర్పులు చేయకుడి. పొలము అమ్ముట, పెండ్లి సంబంధము త్రెంచుట, సంఘము విడుచుట, ఇల్లు విడుచుట, ఇవి బదరీవృక్షము క్రింద తేల్చవలసిన సంగతులు కావు. పదునారవ శతాబ్దపు ఇగ్నేషియస్ లొయోలా మన సంఘమువాడు కాకపోయినను, ఈ విషయములో మంచి మాట చెప్పెను: ఆత్మ క్రుంగియున్న దినములలో, అంతకుముందు వెలుగులో చేసికొన్న తీర్మానమును మార్చవద్దని.

రెండవది, మనస్సు లేవకముందే చేతిని లేవనెత్తుడి. ఉత్సాహము వచ్చిన తరువాత పని చేతునని కూర్చున్నచో అది రాదు. పని ముందు, ఉత్సాహము దాని వెనుక. ముఖము కడుగుకొనుట, గేదెకు గడ్డి వేయుట, ఒక్క సాలు కలుపు తీయుట, ఇంతటి చిన్నదియే చాలును. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఈ పద్ధతినే పరీక్షించి 2017లో ప్రకటించిరి. అక్కడ సలహా చెప్పినవారు వైద్యులు కారు, తర్ఫీదు పొందిన సామాన్యులు. క్రుంగినవారితో ఆరు మొదలు ఎనిమిది పర్యాయములు కూర్చుండి, విడిచిన పనులను కొంచెము కొంచెముగా తిరిగి పట్టించిరి. మామూలు చికిత్స మాత్రమే పొందినవారికంటె వీరిలో ఎక్కువమంది కోలుకొనిరి.

ఇక్కడ కొందరు అడుగుదురు: “మనస్సు లేకుండ గుడికి వచ్చుట వేషధారణ కాదా అయ్యగారూ?” కాదు. మనుష్యుల మెప్పుకై లేనిదానిని చూపుట వేషధారణ. మనస్సు వద్దనినను చేయవలసినది చేయుట నమ్మకత్వము. మత్తయి 21లో ఇద్దరు కుమారుల ఉపమానమున్నది. పోనని చెప్పి, తరువాత ద్రాక్షతోటకు పోయినవాడే తండ్రి యిష్టము నెరవేర్చెను. వాడు పాడుచు పోయెనని అక్కడ లేదు. పోయెనని మాత్రమే యున్నది.

మూడవది, ఒంటరిగా ఉండకుడి. 1530లో మార్టిన్ లూథరు తన పిల్లలకు చదువు చెప్పుచుండిన జెరోం వెల్లరు అను యువకునికి వ్రాసిన ఉత్తరములో, విచారము పట్టినప్పుడు ఏకాంతమునుండి పారిపొమ్మని బోధించెను. లూథరు తానును ఆ బాధ నెరిగినవాడే. నీ సంగతి ఒక్కనికి ముందే చెప్పియుంచుము: “నేను రెండు దినములు కనబడకపోయినచో వచ్చి తలుపు తట్టుము.”

నాలుగవది, నీ బలహీనతను మంచి దినమున ఎరిగి, దానికి కంచె వేయుము. చేను మేసిన తరువాత కంచె వేయుట వ్యర్థము. డబ్బు చేతిలో నున్నచో కొట్టుకు పోవువాడవా? కూలి డబ్బు ఇంట ఇచ్చివేయుము. కోపములో చేయి లేచునా? మాట పెరుగుచున్నప్పుడే వాకిలి దాటి రావి చెట్టువరకు నడిచి రమ్ము. రాత్రి సెల్‌ఫోను విడువలేవా? అది వేరొక గదిలో పండుకొననిమ్ము. పురుగుమందు డబ్బాలను నివసించు ఇంటిలో ఉంచకుడి. దూరముగా తాళములో పెట్టి, తాళపుచెవి మరియొకరి చేతికిండు. ఒక గడియ అడ్డము ఒక ప్రాణమును కాపాడవచ్చును.

ఇంత చేసియు ఒకడు పడినచో ఏమి? ఇక్కడ సాతాను రెండవ వల పన్నును. “ఎటులైనను పడితివి గదా, ఇక పూర్తిగా పడుము” అనును. ఒక్క రాత్రి త్రాగినవాడు వారమంతయు త్రాగుట ఇందుచేతనే. ఒకే రాత్రి ఇద్దరు శిష్యులు పడిపోయిరి. యూదా పశ్చాత్తాపపడెను, వెండి నాణెములు తిరిగి యిచ్చెను, కాని ఒంటరిగా వెళ్లిపోయెను. పేతురు బోరుకొట్టి ఏడ్చెను, కాని మూడవ నాడు సహోదరుల మధ్యనే యుండెను. అందుచేత సమాధి ఖాళీయను వార్త అతని చెవిని పడెను. పడుటలో వారు దగ్గరివారే. పడిన తరువాత నడిచిన త్రోవ వేరు.

మరియొక మాట. రెండు వారములకు మించి మనస్సు లేవక, నిద్రయు ఆకలియు పోయి, చావు తలంపులు వచ్చుచున్నచో, అది వ్యాధి. మన ఇష్టముతో మాత్రమే పోదు. వైద్యుని చూడవలెను. దేవుడు స్వస్థపరచెదనని మాట యిచ్చిన తరువాత కూడ, యెషయా హిజ్కియా పుండుమీద అంజూరపు ముద్ద కట్టించెను (యెషయా 38). మందు వాడుట అవిశ్వాసము కాదు. ప్రభుత్వమువారు 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు రాత్రింబగళ్లు ఖర్చు లేకుండ ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ప్రాణము తీసికొనబోయి బ్రతికినవానిని గొప్ప మనోవేదనలో నున్నవానిగా ఎంచవలెనుగాని శిక్షింపరాదని 2017 నాటి చట్టము చెప్పుచున్నది. చట్టమే ఇంత కనికరించుచుండగా, సంఘము వాని యింటిని చూచి గుసగుసలాడుట తగునా?

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు ఇది. క్రుంగుటకు నీవు ఉత్తరవాదివి కావు. మబ్బు పట్టుటకు రైతు ఉత్తరవాది కాడు. తలుపు దగ్గర ఏమి చేసితివో దానికి, నీకున్న బలము కొలదిని, ఉత్తరవాదివి. ఆ బలము లేనప్పుడు మరియొకని పిలుచుటకు ఉత్తరవాదివి. పిలుపు విన్నవాడు లేచి వచ్చుటకు ఉత్తరవాది. అరణ్యములో ఏలీయాకు దూత అప్పము తెచ్చెను. మన పల్లెలో దూతలు కనబడరు గనుక, ఆ అప్పము ఎవరి పొయ్యిమీద కాలవలెనో ఆలోచింపుడి. ఈ ఆదివారము గుడిలో ఎవరి స్థలము ఖాళీగా నున్నదో చూచి, ఆరాధన ముగియగానే ఆ యింటికి వెళ్లుడి. ప్రసంగము చేయవద్దు. కొంచెము గంజి కాచి యిచ్చి, ప్రక్కన కూర్చుండుడి.

ప్రార్థన: ప్రభువా, మా ముఖములు చిన్నబోయినప్పుడు మమ్మును అడుగు తండ్రివి నీవే. వాకిట పొంచియున్నదానికి తలుపు తీయకుండ మమ్మును కాయుము. మేము లేవలేనప్పుడు మమ్మును తట్టుము; మేము లేచినప్పుడు మరియొకని తట్టుటకు మమ్మును పంపుము. ఆమేన్.